హాజరు పట్టీలో తోడికోడలు

పడకగదిలో ఇద్దరు, ముందుగదిలో ఇద్దరు పడుకుంటే ఇంటావిడ ఎక్కడ పడుకుంటున్నట్టు? మునిసిపాలిటీ వాళ్లు అడిగింది ఇంతే. అడగడంలో తప్పేమీ లేదు. పదకొండేళ్లుగా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా లేదు.

ఆవిడను వీధిలో దుప్పట్లక్క అంటారు. వయసు అరవై రెండు. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి ముందుగానే రిటైరయింది. ఉతికి ఆరిన దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని గాల్లోకి ఒక్క విసురు విసిరితే ఫట్‌మని చప్పుడవుతుంది. సగం ముడతలు అక్కడే పోతాయి. ఆ విసురు పట్టుబడడానికి లాండ్రీలో కొత్తవాళ్లకు ఆరు నెలలు పట్టేది. దుప్పట్లక్కకు వారంలో వచ్చేసింది. ఉద్యోగం అయిపోయాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఇంటి పెరట్లో మూడు తాళ్లు కట్టుకుంది. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి, గదుల్లో ఉన్నవాళ్ల దుప్పట్లు, తలగడ గలేబులు అన్నీ దులిపి ఆరేస్తుంది.

గదులు అద్దెకివ్వాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఉద్యోగం చివరి ఏడాది చలికాలంలో, రోగి తాలూకు ఒకావిడ వచ్చి లాండ్రీ ఆరబెట్టే గదిలో వెచ్చగా ఉందని మూల కూర్చుని నిద్రపోయింది. దుప్పట్లక్క ఆమెను లేపి ఇంటికి తీసుకెళ్లింది. జాలిపడి తీసుకెళ్లావా అని ఎవరైనా అడిగితే ఒప్పుకోదు. "జాలేంటి? బండి తిరగడానికి అడ్డంగా పడుకుంది" అంటుంది. ఆ వచ్చినావిడ తొమ్మిది రోజులుండి, వెళ్తూ వెళ్తూ వార్డులో ఇంకొకరికి చెప్పింది. ఇల్లు ఆస్పత్రి వెనక గేటుకు ఎదురుగానే ఉంది. ఇక చెప్పేవాళ్లు ఎప్పుడూ కరువవలేదు.

ఇల్లు అంటే పూర్తి ఇల్లు కాదు, సగం. మామగారు కట్టిన ఇంటిని ఇద్దరు కొడుకులూ మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. తమ్ముడి వాటాకు వీధివైపు ఇరుకైన ముందుగది, దాని వెనక పెరట్లోకి కిటికీ ఉన్న పడకగది, ఆ వెనక వంటిల్లు వచ్చాయి. తమ్ముడు, అంటే దుప్పట్లక్క మొగుడు, పోయాడు. ఆ వాటా ఇప్పుడు ఆమెది. గోడకు అవతలి సగంలో బావగారు, తోడికోడలు ఉంటారు. తోడికోడలు బళ్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి మానేసింది. వీధికి ఆవిడ టీచరమ్మ. బావగారికి చెవులు వినపడవు. ఆ రెండు వాటాల్లోనూ సుఖంగా ఉన్నది ఆయనొక్కడే అని వీధిలో ఒక మాట ఉంది.

దుప్పట్లక్కకు ఒక అలవాటు. వచ్చినవాళ్లకు పడకగది ఇచ్చేస్తుంది. కిటికీ ఉన్న గది, మెత్తటి పరుపు, గట్టి మంచం వాళ్లకు. తను వంటింట్లో దుప్పట్లు మడతపెట్టే చెక్కబల్ల మీద పడుకుంటుంది. లాండ్రీలో రాత్రి డ్యూటీలప్పుడు బల్ల మీద కునుకు తీయడం అలవాటే. "ఆస్పత్రి నుంచి వచ్చినవాడికి నిద్దర కావాలి. నాకేం, నేను ఎక్కడైనా పడుకుంటాను" అంటుంది. ఈ మాట నిజం. చట్టానికి పనికిరానిది కూడా ఈ మాటే.

ఆ చట్టం ఊరికే రాలేదు. ఆస్పత్రి పెద్దదయ్యేకొద్దీ వెనక వీధి మారిపోయింది. మొత్తం పదకొండు ఇళ్లు. అందులో నాలుగు ఒక్కడే కొన్నాడు. తలుపులకు అంకెలు నొక్కే తాళాలు బిగించాడు. వచ్చినవాళ్లకు ఫోనులో అంకెలు వస్తాయి, నొక్కుకుని లోపలికి పోతారు, మూడో రోజు పోతారు. చెత్త గుమ్మంలో ఉంటుంది. నీళ్ల పైపు పగిలితే చెప్పడానికి మనిషి ఉండడు. ఆ యజమానిని వీధిలో ఒకరిద్దరే చూశారు. తక్కినవాళ్లకు ఆయన తాళాలాయన, అంతే. ఇలాంటి వీధులు ఊళ్లో ఇంకా పది ఉన్నాయి. అందుకని మునిసిపాలిటీ ఒక నిబంధన పెట్టింది. నెల లోపు బసకు గదులిచ్చే ప్రతి ఇల్లూ నమోదు చేసుకోవాలి. నంబరు పలక గుమ్మానికి తగిలించాలి. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాయాలి. ఇరుగుపొరుగుకు నోటీసు వెళ్తుంది, అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, యజమాని ఏడాదికి తొమ్మిది నెలలు తగ్గకుండా ఆ ఇంట్లోనే కాపురముండాలి. ఉండకపోతే నమోదు లేదు. నమోదు లేని ఇంట్లో ఒక్క మనిషికి గది ఇచ్చినా సీలు వేస్తారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు మాత్రం అది తేలేదాకా గడువు.

తాళాలాయన లాంటివాళ్ల కోసం వేసిన వల అది. ముందు పడింది దుప్పట్లక్క.

మునిసిపాలిటీ గేటు దగ్గర కాగితాలు టైపు చేసిపెట్టే ఆయన ఆమె దరఖాస్తు నింపాడు. గుర్తింపు కార్డులో ఉన్న చిరునామా యథాతథంగా రాశాడు. అది ఆస్పత్రి సిబ్బంది క్వార్టర్లది. పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు అక్కడున్నారు. కార్డు అప్పుడు తీసుకున్నది, మార్పించలేదు. క్వార్టర్లు కూల్చేసి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు. కాగితాల ప్రకారం దుప్పట్లక్క రెండు కార్ల మధ్య కాపురముంటోంది. కరెంటు బిల్లు మామగారి పేరు మీదే వస్తోంది. ఆయన పోయి పాతికేళ్లు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు నలభై ఏళ్లుంటాయి. చేతిలో కొలత టేపు, చంకలో అట్ట. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ముందుగది కొలిచాడు. పడకగదిలోకి వెళ్లి ఆగిపోయాడు. మంచం మీద ఒక లారీ డ్రైవరు పడుకుని ఉన్నాడు. భార్యకు కిడ్నీ ఆపరేషను. రాత్రంతా వార్డు బయట కూర్చుని పొద్దున్నే వచ్చి పడ్డాడు.

"మీ పడకగది ఏదండీ?" అని ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇదే."

"ఇందులో ఆయనున్నాడు కదా."

"ఇప్పుడు ఆయన పడుకున్నాడు. గది నాదే."

మాటలకు డ్రైవరు లేచి కూర్చున్నాడు. "లేచి బయటకి పోవాలా సార్?"

"అక్కర్లేదు, పడుకోండి" అని ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి నడిచాడు. "మరి మీరెక్కడ పడుకుంటారమ్మా?"

ఆమె బల్ల చూపించింది. బల్ల మీద మడతపెట్టిన దుప్పట్లు ఛాతీ ఎత్తున ఉన్నాయి.

"దీని మీదా?"

"వాటి మీద కాదు బాబూ, వాటిని తీసి."

ఆయన బల్ల కొలిచాడు. పొడవు అయిదడుగుల నాలుగు అంగుళాలు, వెడల్పు అడుగున్నర. "మీరు అయిదున్నర ఉంటారు కదమ్మా" అన్నాడు.

"కాళ్లు ముడుచుకుంటాను."

"వంటిల్లు పడకగది కిందికి రాదమ్మా. రూలు ఒప్పుకోదు."

"నా నడుమూ ఒప్పుకోదు. కానీ పదకొండేళ్లుగా సర్దుకుపోతోంది."

ఆయన నవ్వాడు గానీ రాయవలసింది రాశాడు. బీరువా ఎక్కడని అడిగితే తోడికోడలి వాటాలో ఉందని చెప్పింది. ఇక్కడ చోటు చాలక పెట్టింది. మంచం వచ్చినవాళ్లది, బీరువా పక్కింట్లో, చిరునామా పార్కింగులో. "మీరు ఇక్కడుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కానీ నాకు తెలియడం వేరు, కాగితంలో కనపడడం వేరు" అని చెప్పి వెళ్లాడు. వారానికి విచారణ నోటీసు వచ్చింది. 'యజమాని నివాసం నిర్ధారణ కాలేదు. పొరుగువారి నుంచి ఒక అభ్యంతరం అందినది.'

నోటీసు పట్టుకుని ఆమె టైపు ఆయన దగ్గరకు పరుగెత్తింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని రెండుసార్లు చదివాడు.

"ఇద్దరు పొరుగువాళ్లు మీరక్కడే ఉంటున్నారని సంతకాలు పెడితే చాలమ్మా."

"ఎడమపక్క తాళాలాయన ఇల్లు. ఆయన్ని నేను చూడనే లేదు."

"కుడిపక్క?"

"మా తోడికోడలు."

"ఇంకేం? ఇంట్లో మనిషే."

"అభ్యంతరం పెట్టింది ఆవిడే."

టైపు ఆయన కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి దించుకున్నాడు. "కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనమ్మా" అన్నాడు.

తోడికోడళ్లిద్దరూ మాట్లాడుకోరని కాదు. రోజూ మాట్లాడుకుంటారు. పెరటి గోడ మీదుగా, చాలావరకు దెబ్బలాట. మీ వాళ్ల చెప్పులు మా గుమ్మంలో ఉన్నాయని ఆవిడ, మీ కుళాయి చుక్కలు మా గోడ నానబెడుతున్నాయని ఈవిడ. అన్నిటికన్నా పెద్ద తగువు దుప్పట్ల చప్పుడు. టీచరమ్మ మంచం ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. నిద్ర పట్టేదే నాలుగింటికి, అయిదింటికి ఫట్. మొగుడికి వినపడదు కాబట్టి ఆ బాధ పంచుకునే దిక్కు కూడా లేదు.

ఆ సాయంత్రం దుప్పట్లక్క గోడ దగ్గర నిలబడింది. "అక్కా, ఒక సంతకం కావాలి."

"ఎందుకో తెలుసు. పెట్టను."

"నేను ఇక్కడుంటున్నాననే కదా రాసేది. అబద్ధం కాదు కదా."

"అబద్ధమని నేనన్నానా? అభ్యంతరం పెట్టినదాన్ని. ఆ చేత్తోనే నీకు సంతకం పెడితే ఆ ఆఫీసులో నన్ను మనిషి కింద చూస్తారా? చెప్పేదేదో అక్కడే చెప్తాను."

"గదులు పోతే నా బతుకేంటక్కా? వచ్చే పెన్షను మందులకీ కరెంటుకీ సరి. ఇల్లు అమ్ముకోవాల్సిందే. తాళాలాయన మనిషి నిన్న కూడా వచ్చాడు. విచారణ అయ్యాక కబురు చెయ్యమన్నాడు."

"దుప్పట్లు ఎనిమిదింటికి దులుపుకోమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంది టీచరమ్మ.

"ఎనిమిదింటికి ఎండెక్కితే ముడత పట్టేస్తుందక్కా."

"అయితే ముడత పట్టిన దుప్పటి మీద పడుకుంటే మనిషి చస్తాడా?"

ముడత దుప్పటి మీద మనిషిని పడుకోబెట్టడం దుప్పట్లక్కకు ఊహకందని విషయం. లోపలికి వెళ్లిపోయింది.

విచారణ మునిసిపాలిటీ రెండో అంతస్తులో. పొడుగాటి గది, బల్లకు అవతల అధికారిణి, ఇవతల వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ఇన్‌స్పెక్టరు పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాడు. దుప్పట్లక్క కంటే ముందు ఒక పెద్దమనిషి వంతు వచ్చింది. మూడు ఫ్లాట్లకు మూడు దరఖాస్తులు పెట్టాడు.

"మూడింట్లోనూ మీరే కాపురముంటున్నారా?" అని అధికారిణి అడిగింది.

"అవునండీ."

"తొమ్మిది నెలల చొప్పున?"

"అవునండీ."

"అంటే ఏడాదికి ఇరవై ఏడు నెలలు."

పెద్దమనిషి లాయరు వైపు చూశాడు. లాయరు ఫ్యాను వైపు చూశాడు. మూడు ఫైళ్లూ మూసి పక్కన పెట్టించి అధికారిణి తరువాతి పేరు పిలిపించింది. ఆ ఫైళ్లు మూసిన తీరు చూసి దుప్పట్లక్క తన చేతిలోని ఒక్క నోటీసు వైపు చూసుకుంది. ఆయన దగ్గర కాగితాలైనా ఉన్నాయి. తన దగ్గర అవీ లేవు.

ఇన్‌స్పెక్టరు నివేదిక చదివాడు. చిరునామా, బిల్లు, బీరువా, బల్ల. బల్ల కొలతలు కూడా చదివాడు. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు.

"మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఏదైనా ఆధారం ఉందా?" అని అధికారిణి అడిగింది.

"నేనే ఉన్నాను కదమ్మా" అంది దుప్పట్లక్క. తరువాత తనకే ఆ మాట చాలదనిపించి, "గదుల్లో ఉండి వెళ్లినవాళ్లను అడగండి" అంది.

"వాళ్లందరూ వెళ్లిపోయారు కదా. సరే. అభ్యంతరం పెట్టినవారు వచ్చారా?"

టీచరమ్మ లేచింది. ఇస్త్రీ చీర, చేతిసంచి. సంచిలోంచి పొడుగాటి అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. బళ్లో పిల్లల హాజరు వేసే పుస్తకమే. గళ్లు, తేదీలు, ఎర్రసిరా గీతలు.

"ఇదేంటండీ?"

"సాక్ష్యం లేకుండా ఫిర్యాదు చెయ్యకూడదని పద్నాలుగు నెలలుగా రాస్తున్నాను మేడమ్. మా గోడ పక్కన ఈవిడ రోజూ తెల్లవారుజామున దుప్పట్లు దులుపుతుంది. చప్పుడు విన్న రోజున టిక్కు, టైము. వినని రోజున సున్నా. అయిదు గంటల రెండు నిమిషాలు, నాలుగు గంటల యాభై ఎనిమిది, చూడండి. ఈ వయసులో నిద్ర లేకపోతే ఏమవుతుందో డాక్టరు రాసిన కాగితం చివర పిన్ను పెట్టాను."

అధికారిణి పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"మొత్తం ఎన్ని రోజులు?"

"నాలుగు వందల ఇరవై ఆరు. హాజరు నాలుగు వందల తొమ్మిది. గైర్హాజరు పదిహేడు."

"ఆ పదిహేడు రోజులూ ఆవిడ ఇంట్లో లేరా?"

"ఎందుకు లేదు? ఉంది. వాన. దుప్పట్లు బయట వెయ్యదు. గిన్నెల చప్పుడు వినపడేది. కానీ నేను రాసింది దుప్పట్ల లెక్క. గిన్నెలకి హాజరు వెయ్యలేదు."

ఇన్‌స్పెక్టరు ముందు గ్రహించాడు, తరువాత అధికారిణి. దుప్పట్లక్కకు ఇంకా తెలియలేదు. తన మీద ఇంత పెద్ద నేరాల చిట్టా ఉందా అని పుస్తకం వైపు చూస్తోంది.

అధికారిణి పుస్తకం మూసి టీచరమ్మ వైపు తిప్పి పెట్టింది. "అమ్మా, మీకు స్పష్టంగా చెప్పడం నా ధర్మం. మీరు ఈ అనుమతి ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టారు. ఈవిడ ఆ ఇంట్లో ఉండడం లేదని తేలితే అనుమతి రాదు, మీరు కోరిందే జరుగుతుంది. మీ పుస్తకం చూస్తే ఈవిడ ఒక్కరోజు కూడా ఇల్లు వదల్లేదని తేలుతోంది. మా దగ్గరకు వచ్చిన ఫైళ్లలో ఇంత గట్టి రుజువు నేను చూడలేదు. ఇది రికార్డులో పెట్టమంటారా, వెనక్కి తీసుకుంటారా?"

ఇప్పుడు దుప్పట్లక్కకు తెలిసింది. తోడికోడలి ముఖంలోకి చూడలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ల గదులు, మామగారి వాటా, అన్నీ ఆ అట్ట పుస్తకం ఎటు జరుగుతుందన్న దాని మీద ఉన్నాయి.

టీచరమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"ఇచ్చిన రిజిస్టరు వెనక్కి తీసుకోవడమేంటి మేడమ్? ముప్పై మూడేళ్లు హాజరు వేశాను. రానివాణ్ని వచ్చాడని రాయలేదు, వచ్చినవాణ్ని రాలేదని రాయలేదు. హెడ్మాస్టరు చెప్పినా రాయలేదు. ఇప్పుడీ దుప్పట్ల దానికోసం మార్చుకుంటానా? పెట్టుకోండి."

"అయితే మీ అభ్యంతరం?"

"అలాగే ఉంది. చప్పుడు సంగతి తేల్చండి. ఉంటే ఉండనివ్వండి, నన్ను పడుకోనివ్వండి."

అధికారిణి అరగంట రాసింది. నివాసం నిర్ధారణ అయింది, నమోదు చేయవచ్చు. అయితే షరతులు. వంటిల్లు పడకగది కాదు. కిటికీ ఉన్న గది యజమాని వాడుకోవాలి, ఆమె మంచం, బీరువా అందులోనే ఉండాలి. బస ముందుగదిలో మాత్రమే, ఇద్దరికి మించకూడదు. ఉదయం ఏడు గంటలకు ముందు పెరట్లో దుప్పట్లు దులపకూడదు. గుర్తింపు కార్డు నెల లోపు మార్పించుకోవాలి.

"ఏడింటికా?" అంది దుప్పట్లక్క, ఆనందం మధ్యలో.

"నోరు మూసుకుని సంతకం పెట్టు" అంది టీచరమ్మ.

నలుగురు ఉండే చోట ఇక ఇద్దరే. చేతికొచ్చేది సగమయింది. కానీ ఇల్లు అమ్మనక్కర్లేదు. ఇద్దరూ ఒకే ఆటోలో ఇంటికి వచ్చారు.

"నీ కోసం చెప్పలేదు" అంది టీచరమ్మ సగం దారిలో.

"తెలుసక్కా."

"నువ్వు పోతే ఆ సగానికి కూడా నంబరు తాళం పడుతుంది. చప్పుడు చేస్తే ఎవరినని తిట్టను? తలుపునా?"

"తలుపు ఊరుకుంటుంది. నేను తిరిగి తిడతాను."

"అదే చెప్తున్నాను."

మర్నాడు లారీ డ్రైవరు మకాం ముందుగదిలోకి మార్చుకున్నాడు. బీరువాను గోడ అవతలి నుంచి తీసుకురావడానికి నలుగురు పట్టారు. బావగారు కూడా ఒక చెయ్యి వేసి, ఏం జరుగుతోందో తెలియకపోయినా అందరికన్నా గట్టిగా సలహాలిచ్చాడు. దుప్పట్లక్క పదకొండేళ్ల తరువాత తన మంచం మీద పడుకుంది. మొదటి వారం నిద్రపట్టలేదని చెప్పింది. కాళ్లు చాపితే ఎవరిదో చోటు ఆక్రమించినట్టుందట.

పదో రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు నంబరు పలక పట్టుకుని వచ్చాడు. షరతులు అమలయ్యాయో లేదో చూశాకే బిగించాలి. ముందుగదిలో రెండు మంచాలు. ఒకటి డ్రైవరుది, రెండోది మనవరాలిని ఆస్పత్రిలో చేర్పించిన ఒక ముసలాయనది. పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పడకగదిలో ఆమె మంచం, ఆమె బీరువా. ఆయన తృప్తిపడి మేకు అడిగాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆటో ఆగింది. డ్రైవరు దిగి, లోపలున్న భార్యను మెల్లగా దించాడు. పొద్దున డిశ్చార్జి చేశారు. కట్టు ఇంకా విప్పలేదు. వాళ్ల ఊరు పన్నెండు గంటల ప్రయాణం, రెండు రోజులు ఆగి వెళ్లమన్నాడు డాక్టరు. సుత్తి పట్టుకున్న మనిషిని చూసి డ్రైవరు ఆగిపోయాడు. మూడో మనిషికి చోటు లేదని అతనికి తెలుసు.

"నేను లారీలో పడుకుంటాను సార్. నా మంచం దీనికిస్తాను."

"పేరు మార్చి రాస్తే సరిపోతుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దుప్పట్లక్క ఆ అమ్మాయిని చూసింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గోడ పట్టుకుని నిలబడడానికే చెమటలు కారుతున్నాయి. ముందుగదిలో మంచం ఇరుకు, పక్కన పరాయి ముసలాయన. "కట్టు మార్చుకోవాలన్నా తెర ఉండొద్దా బాబూ?" అంది ఇన్‌స్పెక్టరుతో. "నా గదిలో పడుకోబెడతాను."

"అమ్మా, ఆ గది బసకి ఇవ్వకూడదు. ఇంకా మేకు కూడా కొట్టలేదు, అప్పుడే మొదలెట్టకండి."

"బసకి ఎవరిచ్చారు? డబ్బు తీసుకోను. నేనూ ఆ గదిలోనే ఉంటాను. చుట్టాలొస్తే ఇంట్లో పడుకోకూడదని మీ రూల్లో ఉందా?"

ఇన్‌స్పెక్టరు అట్ట తెరిచి వెతికాడు. చుట్టాల గురించి ఒకే వాక్యం ఉంది. డబ్బు చెల్లించని బంధువులకు ఈ నిబంధనలు వర్తించవు. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"బంధువులని రాసుందమ్మా. ఈవిడ మీకేమవుతుంది?"

"ఏమ్మా, నన్నేమని పిలుస్తావు?" అని దుప్పట్లక్క ఆ అమ్మాయిని అడిగింది.

"అక్కా అని" అంది ఆ అమ్మాయి నీరసంగా. ఆస్పత్రిలో గంజి తెచ్చిచ్చినప్పుడల్లా అలాగే పిలిచేది.

"రాసుకోండి. చెల్లెలు."

ఇన్‌స్పెక్టరు తల గోక్కున్నాడు. సుత్తి చప్పుడుకు ముందే, వీధివైపు రెండు గుమ్మాల మధ్యనున్న గోడ మీద టీచరమ్మ తల కనిపించింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"ఎవరే వచ్చింది?"

"మా చెల్లెలక్కా."

"నీకు చెల్లెలెక్కడిది? పెళ్లిచూపులకి నేనూ వచ్చాను. మీ ఇంట్లో నువ్వొక్కదానివే."

ఇన్‌స్పెక్టరు సుత్తి దించాడు. టీచరమ్మ గోడ మీద మోచేతులాన్చి, కిందున్న అమ్మాయిని, ఆమె నడుము చుట్టూ ఉన్న కట్టును, చెమట పట్టిన నుదుటిని కాసేపు చూసింది.

"ఓ, ఈ చెల్లెలా" అంది. "మా తోడికోడలి చెల్లెలంటే వరసకి నాకూ చెల్లెలే సార్. ఎండలో నిలబెట్టకండి. ఒసేయ్, ఆ పిల్లని లోపల పడుకోబెట్టు, దిండు నా దగ్గరది ఇంకొకటి ఇస్తాను. సార్, ఆ పలక కొట్టేదేదో త్వరగా కొట్టెయ్యండి, నాలుగింటిదాకా నేను పడుకోవాలి."

ఇన్‌స్పెక్టరు మేకు పెట్టి రెండే దెబ్బల్లో బిగించాడు.